కొత్త బోల్టుకు పాత నలుపు

1489 సీసీ బీఎంసీ ఇంజనున్న పాత అంబాసిడర్‌ను విప్పితే ఎక్కువగా యూఎన్ఎఫ్, అంటే అంగుళాల కొలతలో దగ్గరదగ్గరగా ఉండే సన్నటి మరల బోల్టులే చేతికొస్తాయి. 5/16 అంగుళాల బోల్టుకు అంగుళానికి 24 చుట్లు, తలకు అరంగుళం స్పానర్. అరిగిపోయినవాటి బదులు కొత్తవి కొంటే చాలావరకు జింక్ పూతతో తళతళలాడుతూ వస్తాయి. నూనె ఇంకి నల్లబడ్డ ఇంజను మీద అవి దూరం నుంచే పట్టిచ్చేస్తాయి.

వాటిని నల్లరంగు డబ్బాలో ముంచితే పని అయిపోదు. స్పానర్ తగిలిన మొదటిసారే రంగు పెచ్చులూడుతుంది. పైగా తల కిందా వాషరు కిందా ఉన్న రంగు పొర నలిగి, పలచబడి, బోల్టు బిగువు సడలుతుంది. అసలైన నలుపు పైన పూసింది కాదు. ఇనుము ఉపరితలమే మాగ్నటైట్ అనే ఆక్సైడుగా మారిన పొర అది. మందం సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, కాబట్టి మరల కొలత మారదు. తుప్పును ఆపే శక్తి మాత్రం దానికి తక్కువ. దాని సన్నటి రంధ్రాల్లో నిలిచే నూనే అసలు కాపలా.

మొదలుపెట్టే ముందు ఒకటి చూసుకోవాలి. ఆ కాలపు బోల్టులన్నీ నల్లవి కావు. కొన్నిటికి బూడిదరంగు ఫాస్ఫేటు, చిన్న భాగాలు కొన్నిటికి కాడ్మియం పూత ఉండేవి. పాత బోల్టు వాషరు కింద దాగిన భాగాన్ని కిరోసిన్‌తో తుడిస్తే ఫ్యాక్టరీ నాటి ముగింపు తెలుస్తుంది. కాడ్మియం అనిపిస్తే గరుకు కాగితం పట్టకండి, ఆ ధూళి విషం.

అన్నిటికన్నా తేలిక దారి, జింక్ లేని బోల్టునే అడిగి కొనడం. అది దొరకనప్పుడే ఆమ్లం జోలికి వెళ్లాలి. మామూలు తెల్ల వెనిగర్‌లో రాత్రంతా వదిలితే జింక్ కరిగిపోతుంది. బుడగలు ఆగి, మెరుపు పోయి, మసక బూడిదరంగు తేలితే పూత పోయినట్టే. హైడ్రోక్లోరిక్ యాసిడ్ అదే పని నిమిషాల్లో చేస్తుంది గానీ దాని ఆవిరి గదిలోని పనిముట్లన్నిటికీ తుప్పు పట్టిస్తుంది. వాడక తప్పకపోతే ఆరుబయట వాడాలి. నీళ్లలో యాసిడ్ పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. తర్వాత బాగా కడిగి వంటసోడా నీళ్లలో ముంచాలి.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఆమ్లం జింక్‌ను తినేటప్పుడు పుట్టే హైడ్రోజన్‌లో కొంత అణువులుగా జతకట్టకముందే ఉక్కులోకి చొరబడుతుంది. గట్టి ఉక్కులో అది ఒత్తిడి ఎక్కువున్న చోట పేరుకుంటుంది. బిగించిన కొన్ని గంటలకో రోజులకో బోల్టు ముందస్తు హెచ్చరిక లేకుండా పుటుక్కున తెగుతుంది. తల మీద బలాన్ని తెలిపే 8.8 అంకె ఉన్నవి, మూడు గీతలున్న గ్రేడ్ 5 బోల్టులు అంత గట్టివి కావు, వాటికి ముప్పు తక్కువ. 10.9, 12.9, ఆరు గీతల గ్రేడ్ 8 రకాలను మాత్రం ఇంట్లో ఆమ్లంలో పెట్టనే వద్దు. పరిశ్రమలో ఇలాంటివాటిని 190 నుంచి 220 డిగ్రీల మధ్య గంటల తరబడి వేడిలో ఉంచి హైడ్రోజన్‌ను వెళ్లగొడతారు. వంటింటి ఓవెన్‌ను నమ్ముకుని స్టీరింగ్ బోల్టుతో ఆ ప్రయోగం చేయడం తెలివైన పని కాదు.

నలుపుకు ఇంట్లో చేయదగ్గ మంచి పద్ధతి, కావాలని తుప్పు పట్టించి ఉడకబెట్టడం. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 500 మిల్లీలీటర్లు, వెనిగర్ 60 మిల్లీలీటర్లు, ఉప్పు టీస్పూనున్నర. మందుల షాపులో 6 శాతం సీసా ఇస్తే ముందుగా సమానంగా నీళ్లు కలపాలి. దీన్ని మూతపెట్టి దాచకూడదు, వాయువు పుట్టి సీసా పగులుతుంది. జిడ్డు పూర్తిగా తీసిన బోల్టు మీద చల్లితే కాసేపట్లోనే ఎర్రటి తుప్పు లేస్తుంది. అప్పుడు డిస్టిల్డ్ నీళ్లలో 20 నిమిషాలు మరిగించాలి. కళ్ల ముందే ఎరుపు నలుపవుతుంది. తుప్పులోని ఎర్ర ఆక్సైడు మాగ్నటైట్‌గా మారుతోందన్నమాట. పైన తేలిన మసిని నూనె తగలని సన్నటి స్టీలు పీచుతో మెల్లగా రుద్ది, మళ్లీ తుప్పు, మళ్లీ మరుగు. మూడు నాలుగు సార్లకు లోతైన నలుపు వస్తుంది. బోరు నీళ్లు వాడితే సున్నం తెల్ల మచ్చలై మిగులుతుంది. వేలిముద్ర జిడ్డున్న చోట తుప్పు పట్టదు, అక్కడ నలుపూ రాదు. చివరి మరుగులో ఉప్పు పూర్తిగా పోవాలి, లేకపోతే నూనె కిందే తుప్పు మళ్లీ మొలుస్తుంది. వేడి ఆరకముందే బోల్టును ఇంజనాయిల్లో ఒక రాత్రి ఉంచి తుడవాలి.

కరక్కాయ కషాయం పూసినా తుప్పు నీలినలుపవుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత పుట్టేది ఈ రసాయనంతోనే. ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో పులియబెట్టిన కసిమి, కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. బోల్టు మీద అది మాగ్నటైట్ అంత గట్టిగా నిలవదు. డాష్‌బోర్డు కింది స్క్రూలకు సరిపోతుంది.

వేడిచేసి నూనెలో ముంచే పాత కమ్మరి పద్ధతి కూడా పనిచేస్తుంది, అయితే జింక్ పూత ఉండగా మంట పెట్టకూడదు. ఆ పొగ పీలిస్తే చలిజ్వరం వస్తుంది. ఉక్కు 230 డిగ్రీల దగ్గర బంగారు రంగుకు, 300 దగ్గర నీలానికి తిరుగుతుంది. నీలం కనబడగానే ఆపాలి. 8.8 బోల్టును తయారీలో కనీసం 425 డిగ్రీల దగ్గర టెంపర్ చేస్తారు, అంటే గట్టిపరిచాక పెళుసుదనం తగ్గేలా మళ్లీ వేడిచేస్తారు కనుక నీలం వరకు బలం తగ్గదు. ఎర్రబడిందంటే పారేయాల్సిందే. వాడిన ఇంజనాయిలు మాత్రం వద్దు, దాని పొగ ఊపిరికి మంచిది కాదు.

హైదరాబాద్‌లో బాలానగర్ వైపు ప్లేటింగ్ షాపుల్లో బ్లాకోడైజింగ్ అనేది కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాల ద్రావణంలో సుమారు 140 డిగ్రీల దగ్గర చేసే పని. ఇంట్లో దాన్ని అనుకరించబోతే కళ్లు పోతాయి. బోల్టుల సంచి అక్కడ ఇచ్చేయడమే మేలు.

బిగించేటప్పుడు మరో తేడా ఉంది. నూనె పట్టిన నల్ల బోల్టుకు రాపిడి తక్కువ. పొడి మరలకు మాన్యువల్ చెప్పిన టార్కునే, అంటే స్పానర్‌తో తిప్పే బలాన్నే, వాడితే బోల్టు ఎక్కువ సాగుతుంది. మాన్యువల్ ఏ స్థితికి ఆ అంకె ఇచ్చిందో చూసి, పొడి మరలకైతే తగ్గించి బిగించాలి.