పాత చైన్ సా మిషన్ కొంటున్నారా? ఇంజిన్ విషయంలో అపోహలు - వాస్తవాలు

మా ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటల కోతల మీద బతికే ముఠాలు చాలా ఉన్నాయి. కొత్త మిషన్‌కు డబ్బు సరిపోక సెకండ్ హ్యాండ్‌ది కొంటారు. రెండు రోజులు కోశాక అది పట్టేస్తుంది (పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోతుంది), అప్పుడు నా షాపుకు తెస్తారు. మిషన్ ఆగితే ఆ రోజు కూలి ఆగినట్టే. కొనేటప్పుడు ఓ పావుగంట చూసుకుంటే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. నేను రోజూ వినే మాటలు, మిషన్ విప్పితే కనిపించే నిజాలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: రెండు లాగులకే స్టార్ట్ అయింది, ఇంజిన్ బాగున్నట్టే.

ముందు సిలిండర్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. అది పూర్తిగా చల్లారేదాకా ఆగి, మళ్లీ మీ చేత్తోనే తాడు లాగండి. తర్వాత పది నిమిషాలు కట్టె కోయించి, ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ లాగండి. అరిగిన పిస్టన్, సగం పోయిన కాయిలు చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తాయి, వేడెక్కాకే మొండికేస్తాయి.

ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు తాడు పిడి పట్టుకుని మిషన్‌ను గాల్లో వేలాడదీయండి. కంప్రెషన్ ఉంటే ఆగి ఆగి, మెట్టు మెట్టుగా దిగుతుంది. జర్రున కిందికి జారిపోతే లోపల బిగువు లేదని అర్థం. కంప్రెషన్ కొలిచే గేజ్ ఉంటే ప్లగ్గు తీసి, ఆ చోట దాన్ని పెట్టి, ఎక్సలేటర్ పూర్తిగా నొక్కి ఐదారుసార్లు లాగండి. మంచి మిషన్ 150 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) చుట్టుపక్కల చూపిస్తుంది. 110 లోపు ఉంటే రిపేరు ఖర్చు కూడా ధరలో కలుపుకునే బేరమాడాలి.

అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష సైలెన్సర్ విప్పడమే. రెండు మూడు బోల్టుల పని. పోయిన వేసవిలో ఓ కుర్రాడు బేరం కుదుర్చుకుని, డబ్బు ఇచ్చేముందు మిషన్‌ను నా దగ్గరికి తెచ్చాడు. చప్పుడు బాగానే ఉంది. సైలెన్సర్ తీసి, ఆ రంధ్రంలోకి సెల్‌ఫోన్ లైటు కొట్టి, తాడు మెల్లగా లాగుతూ పిస్టన్‌ను పైకీ కిందికీ కదిపాను. మంచి పిస్టన్ పక్కగోడ మీద ఫ్యాక్టరీలో పడిన సన్నటి అడ్డగీతలు అలాగే కనిపిస్తాయి. దీనికి మాత్రం పైనుంచి కిందికి నిలువు చారలు ఉన్నాయి, గోరుతో గీరినంత లోతున. రింగును సన్నటి పుల్లతో నొక్కితే మళ్లీ పైకి లేవలేదు, పిస్టన్ కరిగి దాన్ని గాడిలోనే పట్టేసింది. ఆ మిషన్ ఇంకో వారం కూడా నడిచేది కాదు. సైలెన్సర్ విప్పడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ బేరం వదిలేయండి.

అపోహ: పట్టేసిన మిషన్‌కు పిస్టన్, రింగులు మారిస్తే సరిపోతుంది.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు నేనూ ఇలాగే చేశాను. కోతకు వెళ్లే ఒకాయన మిషన్‌కు కొత్త పిస్టన్ వేసి ఇచ్చాను. రెండో రోజుకే మళ్లీ పట్టేసింది. విప్పి చూస్తే క్రాంక్ సీలు, అంటే క్రాంక్ షాఫ్ట్ చుట్టూ గాలి దూరకుండా ఆపే రబ్బరు రింగు, చిరిగి ఉంది. ఆయన డబ్బు తిరిగి ఇచ్చాను, పోయిన రెండు రోజుల కూలి మాత్రం ఇవ్వలేకపోయాను. అప్పటినుంచి కారణం తెలియకుండా ఏ ఇంజిన్‌కూ కొత్త పిస్టన్ ఎక్కించలేదు.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో పెట్రోలుతో పాటే ఆయిల్ వెళ్తుంది. సీలు దగ్గరో, కార్బొరేటర్ వెనక రబ్బరు దగ్గరో దొంగగాలి లోపలికి దూరితే పెట్రోలు పాలు తగ్గి, దాంతోపాటే ఆయిల్ కూడా తగ్గుతుంది. ఇంజిన్ మామూలుకంటే రేజ్ అవుతూ, వేడెక్కి, చివరికి పట్టేస్తుంది. చారలు ఎటువైపు పడ్డాయో చూస్తే సగం సంగతి అక్కడే తేలుతుంది. సైలెన్సర్ వైపు ఉంటే ఆయిల్ చాలలేదు, లేదా దొంగగాలి లాగింది. కార్బొరేటర్ వైపు కూడా గరుకుగా అరిగి ఉంటే ఎయిర్ ఫిల్టర్ చిరిగి దుమ్ము మింగింది.

దొంగగాలిని పట్టుకోవాలంటే కార్బొరేటర్, సైలెన్సర్ దారులు రెండూ మూసి, లోపలికి 7 పీఎస్‌ఐ గాలి ఎక్కించి, సబ్బునీళ్లు పూసి చూడాలి. బుడగలు ఎక్కడ లేస్తే చిల్లు అక్కడ. తోటలోనే చూసుకోవాలంటే స్లోలో నడుస్తున్న మిషన్‌ను అటూ ఇటూ వంచండి. వంచినప్పుడల్లా శబ్దం హెచ్చుతగ్గులవుతుంటే, ఎక్సలేటర్ వదిలాక కూడా స్పీడు మెల్లగా దిగుతుంటే అనుమానించాల్సిందే.

అపోహ: బోరింగ్ చేయించి ఓవర్‌సైజ్ పిస్టన్ వేయొచ్చు.

బైకు మెకానిక్కులు అలవాటుకొద్దీ చెప్పే మాట ఇది. బైకుల్లో ఇనుప బోరు ఉంటే సరే. చైన్ సాలో ఎక్కువగా అల్యూమినియం సిలిండర్ లోపల నికాసిల్ (నికెల్ కలిసినది) గానీ క్రోమ్ గానీ పలచటి పూత ఉంటుంది. బోరింగ్ చేస్తే ఆ పూతే పోతుంది. అలాగని చారలు కనబడగానే సిలిండర్ పారేయనక్కర్లేదు. చాలాసార్లు అవి పూత మీద అంటుకున్న పిస్టన్ అల్యూమినియం మరకలే. నికాసిల్ పూత అయితే చేతికి గ్లౌజులు వేసుకుని, హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను దూదిపుల్లతో ఆ మరక మీదే అద్దితే అల్యూమినియం పొంగి ఊడిపోతుంది. యాసిడ్ పోర్టుల (సిలిండర్ గోడలో గాలి, పొగ పోయే రంధ్రాల) అంచులకు తగలకూడదు, అక్కడ పూత లేదు. తర్వాత బాగా కడిగి, సన్నటి ఎమెరీతో రుద్ది, వేలితో తడిమి చూడాలి. పూత లేచిపోయి ఉంటే మాత్రం సిలిండర్ మార్చాల్సిందే.

అపోహ: ఆయిల్ ఎంత ఎక్కువ కలిపితే ఇంజిన్‌కు అంత మంచిది.

మంచి టూ టీ ఆయిల్ అయితే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, అంటే 50 పాళ్లకు ఒక పాలు. నాసిరకం ఆయిల్ గానీ, మిషన్ మీద 25 పాళ్లకు ఒకటి అని రాసి గానీ ఉంటే 40 మిల్లీలీటర్లు. అంతకు మించితే పోర్టు, సైలెన్సర్ జాలీ మసితో పూడుకుపోతాయి, రింగులు గాడిలో అతుక్కుంటాయి. కారు ఇంజిన్ ఆయిల్ ఎప్పుడూ కలపొద్దు. అంచనాగా మూతతో పోయొద్దు, మందుల షాపులో దొరికే సిరంజితో కొలవండి.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది తేమను పీల్చుకుంటుంది, పాత రకం రబ్బరు పైపుల్ని, కార్బొరేటర్‌లోని డయాఫ్రమ్ అనే పలచటి పొరను దెబ్బతీస్తుంది. కలిపిన పెట్రోలు నెల దాటితే వాడొద్దు. పని లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి, ఇంజిన్ దానంతటదే ఆగేదాకా నడిపి పెట్టండి.

అపోహ: కార్బొరేటర్ స్క్రూ బిగిస్తే పవర్ పెరుగుతుంది.

ఫుల్ రేజ్‌లో పెట్రోలును అదుపు చేసే, హెచ్ అని రాసి ఉన్న స్క్రూ బిగిస్తే పెట్రోలు తగ్గి, చప్పుడు సన్నగా, చురుగ్గా మారుతుంది. వినడానికి బాగుంటుంది. నిజానికి అది కాలిపోవడానికి ముందు వచ్చే చప్పుడు. సరిగ్గా ట్యూన్ చేసిన మిషన్ గాల్లో ఫుల్ రేజ్‌లో కొంచెం బొంగురుగా, తడబడుతున్నట్టు మోగాలి. చెక్కలోకి దిగగానే గొంతు శుభ్రమవ్వాలి. సెకండ్ హ్యాండ్ మిషన్ గాల్లోనే ఈల వేసినట్టు మోగితే, దాని పిస్టన్ చూడకుండా డబ్బు ఇవ్వకండి.

"కార్బొరేటర్ పోయింది, కొత్తది వేయాలి" అన్నా వెంటనే ఒప్పుకోవద్దు. ట్యాంకులోని ఫిల్టర్, పగిలిన పెట్రోలు పైపు, గట్టిపడిన డయాఫ్రమ్, ఈ మూడూ చూశాకే ఆ మాట అనాలి. డయాఫ్రమ్ కిట్ ఖర్చు కొత్త కార్బొరేటర్ ధరలో కొంతే.

అపోహ: మిషన్ కోయట్లేదు, ఇంజిన్ వీక్ అయింది.

కింద పడే పొట్టు చూడండి. గింజల్లా, ముక్కలు ముక్కలుగా పడితే చైన్ పదునుగా ఉన్నట్టు. పిండిలా రాలుతూ, బలంగా నొక్కితేగాని దిగకపోతే తప్పు ఇంజిన్‌ది కాదు. సరైన సైజు గుండ్రటి ఆకురాయితో పట్టండి. .325 పిచ్ (లింకుల మధ్య దూరం, అంగుళాల్లో) చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి. మొద్దుబారిన చైన్‌తో నొక్కి నొక్కి కోయడం వల్లే చాలా ఇంజిన్లు వేడెక్కి పోతాయి. పదును సరిపోయినా బలం లేకపోతే సైలెన్సర్ జాలీ తీసి మసి కాల్చండి, పది నిమిషాల పని.

చైన్‌కు కాలిన ఇంజిన్ ఆయిల్ పోసే అలవాటు కూడా మానాలి. అందులోని లోహపు రజను ఆయిల్ పంపును తినేస్తుంది, కోసేవాళ్ల చేతుల మీదకూ చిమ్ముతుంది.

క్రాంక్ బేరింగ్ గరగరమంటుంటే, ఫ్లైవీల్‌ను పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ఆట (వదులు) కనబడితే ఎంత చవకగా ఇస్తానన్నా తీసుకోకండి. ఆ రిపేరుకు మిషన్ మొత్తం విప్పాలి. అన్నీ నచ్చినా, డబ్బు చేతిలో పెట్టేముందు చైన్ బ్రేక్ పరీక్షించండి. స్లో మీద పెట్టి, కొంచెం రేజ్ చేసి, ఎడమ చేతి ముందున్న గార్డును మణికట్టుతో ముందుకు నెట్టండి. చైన్ అప్పటికప్పుడు ఆగాలి. ఆగకపోతే, లేదా గార్డు విరిగిపోయి ఉంటే, అది బాగయ్యేదాకా ఆ మిషన్‌ను ఎవరి చేతికీ ఇవ్వకండి.