ఆరోగ్య డిగ్రీకి కంప్యూటర్ చదువు: దూరవిద్య వివాదం వెనక పదేళ్ల కథ

ఆరోగ్య రంగానికి చెందిన కోర్సులను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపరాదంటూ విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి అమల్లోకి తెచ్చిన నిర్ణయం దక్షిణ ఒడిశాలోని తెలుగు కుటుంబాల్లో, ఆరోగ్య చదువును దూరం నుంచి చదివితే సరిపోతుందా అన్న ఒక పాత వాదాన్ని తిరిగి రగిల్చింది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల్లో ప్లస్ టూ సైన్సు పూర్తిచేసి ఎంబీబీఎస్ సీటు రాని పిల్లలకు చాలాకాలంగా వినిపిస్తున్న సలహా ఒకటే. మైక్రోబయాలజీ కానీ, బయోటెక్నాలజీ కానీ, న్యూట్రిషన్ కానీ, ఆరోగ్యానికి దగ్గరగా ఉన్న ఏదో ఒక డిగ్రీ చేతికి వస్తే చాలు, దానికి కొన్ని నెలల కంప్యూటర్ శిక్షణ జోడించి విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చూసుకోవచ్చన్నది ఆ సలహా. యూజీసీ ఇప్పుడు దూరవిద్య నుంచి తొలగించిన జాబితాలో సరిగ్గా ఈ మూడు సబ్జెక్టులూ ఉన్నాయి, మనస్తత్వశాస్త్రం కూడా ఉంది. నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ దూరవిద్యలో అంతకుముందూ లేవు కాబట్టి, దెబ్బ తగిలింది ముఖ్యంగా ఈ మధ్యదారిలో నడిచినవారికి.

వైద్యుల మాటల రికార్డింగులు విని టైపు చేసే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ రోజుల గురించి, ఐటీ రంగం ఎదిగిన తీరు గురించి పాఠకులకు తెలియనిది లేదు. నేటి వివాదాన్ని అర్థం చేసుకోవడానికి అంత వెనక్కి వెళ్లనవసరమూ లేదు. పట్టి చూడవలసిన తేదీ 2015 అక్టోబరు 1.

ఆ రోజున అమెరికా ఆసుపత్రులన్నీ రోగనిర్ధారణకు వాడే కోడ్ల పాత పట్టికను వదిలి కొత్త పట్టికకు మారాయి. ఈ మార్పు మొదట 2013లోనే జరగవలసింది, 2014కు, తర్వాత 2015కు వాయిదా పడింది. పాత పట్టికలో రోగనిర్ధారణ కోడ్లు సుమారు 14 వేలు. కొత్తదానిలో అవి 70 వేలకు చేరువయ్యాయి. విరిగిన ఎముక కుడివైపుదా ఎడమవైపుదా, రోగి వచ్చింది మొదటిసారా తిరిగి చూపించుకోవడానికా అన్నది ఇప్పుడు కోడ్‌లోనే తెలియాలి. కోడ్ తప్పితే బీమా కంపెనీ డబ్బు చెల్లించదు. అందుచేత శరీరనిర్మాణం, జబ్బుల పేర్లు తెలిసి, రోగి వివరాల ఇంగ్లీషు చార్టు చదివి కోడ్లు వేయగలిగిన మనుషులు పెద్ద సంఖ్యలో కావలసివచ్చారు. అమెరికా ఆసుపత్రుల నుంచి చెన్నై, హైదరాబాదు నగరాలకు ఆ పని అంతకుముందే వచ్చేది; 2015 తర్వాత దాని గిరాకీ ఒక్కసారిగా పెరిగింది, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ శిక్షణాలయాల పక్కనే మెడికల్ కోడింగ్ బోర్డులు వెలిశాయి.

సరిహద్దు పట్టణాల పిల్లలకు ఇది నిజంగానే మేలు చేసింది. పర్లాకిమిడిలో బీఎస్సీ చదివి ఊళ్లో మందుల దుకాణంలో నిలబడవలసిన అబ్బాయి, తెలుగు మాట్లాడే నగరంలో నెలజీతపు ఉద్యోగంలో కుదురుకోగలిగాడు. ఆ మేలును ఎవరూ కాదనలేరు. కానీ ఆ ఉప్పెనతో పాటు ఒక అపోహ కూడా ఇళ్లలోకి వచ్చి స్థిరపడింది. ఆరోగ్య చదువుకూ కంప్యూటర్‌కూ పొత్తు కుదరడమంటే కంప్యూటర్ ముందు కూర్చుని చార్టు చదవడమేనని, అందుకు రోగి ముఖం చూడవలసిన పని లేదని, డిగ్రీ ఎక్కడ ఎలా వచ్చినా ఫరవాలేదని జనం నమ్మారు. నిజానికి కోడింగ్ ఉద్యోగంలో కంప్యూటర్ విద్య చాలా తక్కువ. డేటాబేస్ ఎలా కట్టాలో, ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ మరో ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌తో ఏ ప్రమాణం ప్రకారం మాట్లాడుతుందో కోడర్‌కు నేర్పరు, నేర్పనవసరమూ లేదు. చార్టును చదివి కోడ్లను సూచించే పని సాఫ్ట్‌వేర్లే మొదలుపెట్టిన ఈ రోజుల్లో, ఆ రెండు విద్యల్లో ఏదీ లోతుగా రానివాడి పరిస్థితి ఏమిటన్న భయం ఇప్పుడు అదే ఇళ్లలో వినిపిస్తోంది.

ఆశ్చర్యమేమిటంటే, ఈ పొత్తుకు అసలైన నమూనా సరిహద్దుకు ఇంకా దగ్గరలో, ఇంకా ముందే కనిపించింది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాలు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. పర్లాకిమిడి నుంచి కూతవేటు దూరంలో ఉన్న పాతపట్నం ఆ శ్రీకాకుళం జిల్లాలోదే. ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆరోగ్యమిత్ర అనే పథకం సహాయకుడు కూర్చుని రోగి వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం, శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి ఆన్‌లైన్లోనే రావడం సరిహద్దుకు ఇవతలివారు అప్పుడే చూశారు. ఒడిశాలో బిజూ స్వాస్థ్య కల్యాణ్ యోజన అనే ఆరోగ్య పథకం 2018లో వచ్చింది, 2021 ఆగస్టులో దాని స్మార్ట్ కార్డుల పంపిణీ మల్కాన్‌గిరి నుంచే మొదలైంది, 2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ భారత్ కూడా రాష్ట్రంలో అమల్లోకి వచ్చింది. ఈ పథకాలన్నిటికీ ఆసుపత్రిలో జబ్బు తెలిసినవాడు, లెక్క తెలిసినవాడు, కంప్యూటర్ తెలిసినవాడు ఒకే మనిషిగా కావాలి. అటువంటి మనిషిని తయారుచేసే చదువు మాత్రం ఈ జిల్లాల్లో ఎవరూ పెట్టలేదు. అమెరికా చార్టుల పని అంతకంటే తేలికగా దొరకడంతో, పెట్టమని గట్టిగా అడిగినవారూ లేరు.

అలాంటి మనిషి లేకపోతే జరిగేదేమిటో, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారానికి మారే వంశపారంపర్య జబ్బు సికిల్‌సెల్ రికార్డుల్లో స్పష్టంగా కనబడుతుంది. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్లలోపు వారిని, మొత్తం 7 కోట్ల మందిని పరీక్షించాలని తలపెట్టింది. కొరాపుట్, రాయగడ వంటి జిల్లాలు అటువంటి ప్రాంతాలే. గ్రామంలో మొదట చేసే సాల్యుబిలిటీ పరీక్ష, జబ్బు ఉన్నవారిలోనూ పాజిటివ్ వస్తుంది, జబ్బు లేకుండా, తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ జన్యువు వచ్చిన వాహకుల్లోనూ పాజిటివ్ వస్తుంది. హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే హెచ్‌పీఎల్‌సీ వంటి రెండో పరీక్ష అయితేనే ఎవరు ఏ కోవకు చెందుతారో తేలుతుంది. అంతర్జాతీయ కోడ్లలో ఒకటి డి57.1, మరొకటి డి57.3. ఒక్క అంకె తేడాలో ఒకరు జీవితాంతం మందులు వాడవలసిన రోగి అవుతారు, మరొకరు మామూలుగా బతుకుతూ పెళ్లి సంబంధం చూసుకునేటప్పుడు మాత్రం సలహా తీసుకోవలసిన ఆరోగ్యవంతులవుతారు. మొదటి పరీక్ష ఫలితాన్నే తుది ఫలితంగా ఎక్కించిన డేటా ఎంట్రీ ఆపరేటరుకు తాను చేసిన పొరపాటు ఏమిటో తెలిసే అవకాశం లేదు. ల్యాబులో చేతులతో ఆ పరీక్ష చేసిన ఎమ్మెల్టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) విద్యార్థికి అది చూడగానే తెలుస్తుంది, ఆ విద్యార్థికి డేటాబేస్ పని కూడా వచ్చి ఉంటే, రెండో పరీక్ష తేదీ నింపకుండా రికార్డు ముందుకు కదలని విధంగా ఫారాన్నే మార్చగలడు.

పేర్ల సంగతి మరొకటి. మన తెలుగువారి ఇంటిపేరు ముందుంటుంది, ఒడియా వారిది చివర ఉంటుంది. పర్లాకిమిడి ఆసుపత్రిలో ఇంటిపేరు చివర పెట్టి నమోదైన మనిషి, విశాఖ పెద్దాసుపత్రిలో ఇంటిపేరు ముందు పెట్టి నమోదవుతాడు, స్పెల్లింగు కూడా మారుతుంది. 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ఇచ్చి ఇలాంటి రికార్డులను కలపాలని చూస్తోంది కానీ, పాత రికార్డులను వెతికి జతచేసేటప్పుడు మొబైల్ నంబరుతో పాటు పేరు, పుట్టిన సంవత్సరం సరిపోలాలి. ఇంట్లో అందరికీ ఒకే ఫోను, వయసు సుమారుగా చెప్పే అలవాటు ఉన్నచోట అది ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. రెండు భాషలూ, రెండు పేర్ల పద్ధతులూ పుట్టుకతో తెలిసిన ఇక్కడి యువతీయువకులే ఈ పనికి అందరికంటే తగినవారని నా గట్టి నమ్మకం.

చట్టం ఈ పనిని గుర్తించింది 2021 మార్చిలో. జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం తన అనుబంధ పట్టికలో పది వర్గాలను పేర్కొంది. పదోది ఆరోగ్య సమాచార నిర్వహణ, ఆరోగ్య ఇన్ఫర్మాటిక్స్ నిపుణులది. అంతవరకు మెడికల్ రికార్డుల గదిలో గుమస్తాగా లెక్కకు వచ్చిన వ్యక్తి, ఫిజియోథెరపిస్టుతో, రేడియోగ్రాఫరుతో సమానంగా ఒక వృత్తి నిపుణుడయ్యాడు. అనుబంధ ఆరోగ్య వృత్తికి కనీసం 2,000 గంటల చదువు రెండు నుంచి నాలుగేళ్లలో, ఆరోగ్య సంరక్షణ వృత్తికి కనీసం 3,600 గంటల చదువు మూడు నుంచి ఆరేళ్లలో పూర్తికావాలని కూడా ఆ చట్టమే చెప్పింది. రాష్ట్ర మండలిలో నమోదైన పేరు కేంద్ర రిజిస్టరుకూ చేరుతుందన్న అంశం, చదువు ఒడిశాలో, ఉద్యోగం ఆంధ్రలో వెతుక్కునే మనవారికి చాలా విలువైనది. అమలు మాత్రం నత్తనడక నడిచింది. చివరికి 2024 ఆగస్టు 12న సుప్రీంకోర్టు, అక్టోబరు 12లోగా చట్టాన్ని అమలు చేయాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించవలసివచ్చింది. 2025 ఏప్రిల్‌లో పది వృత్తులకు జాతీయ పాఠ్యప్రణాళికలు విడుదలయ్యాయి, వాటిలో ఆరోగ్య సమాచార నిర్వహణ ఒకటి. దూరవిద్యపై నిర్ణయం వచ్చింది దీని వెనకే. రెండింటినీ విడదీసి చూసినవారికి నిషేధం మాత్రమే కనబడుతోంది.

దూరవిద్యను తిరిగి తెరవాలంటున్న శిక్షణ సంస్థల వాదన ఇది: మల్కాన్‌గిరి, గజపతి వంటి జిల్లాల్లో పేద పిల్లలకు రెగ్యులర్ కళాశాల అందుబాటులో లేదు, పని చేసుకుంటూ చదివే అవకాశం కూడా తీసేస్తే వారు చదువే మానేస్తారు. ఈ మాటలో నిజముంది.

ల్యాబుల్లో, వార్డుల్లో, రికార్డుల గదుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారు చెప్పేది వేరు, దానిని కాస్త వివరంగా వినాలి. వారి లెక్కలో ఈ రెండు చదువులు ఒకే తూకానివి కావు. కంప్యూటర్ విద్యను ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు; రాసిన ప్రోగ్రాము తప్పయితే యంత్రమే చెబుతుంది, దిద్దుకుంటే ఎవరికీ నష్టం లేదు. రక్తనమూనా ఎలా పాడవుతుందో, రాత్రి డ్యూటీలో నర్సు రికార్డు ఎందుకు ఆలస్యంగా రాస్తుందో, ఏ ఖాళీని నిజంగా నింపలేక వదిలేశారో ఏది బద్ధకంతో వదిలేశారో, ఆసుపత్రిలో నిలబడితే తప్ప తెలియదు. 2015 ఉప్పెన ఈ వరుసను తిరగేసింది. ఆరోగ్య చదువును దూరం నుంచి, కంప్యూటర్ శిక్షణను నగరంలో హాస్టలు అద్దె కట్టి నేర్చుకునే అలవాటు చేసింది. యూజీసీ నిర్ణయం, దాని ఉద్దేశం ఏదైనా, ఆ వరుసను మళ్లీ సరిచేసిందన్నది వారి అభిప్రాయం. నేను చూసినంతలో అది సబబుగానే ఉంది.

సరైన వరుసకు దారి కూడా ఇప్పటికే ఉంది. ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ 2022 ఏప్రిల్‌లో అనుమతించింది. ఒకటి కళాశాలలో, మరొకటి ఆన్‌లైన్లో చేయవచ్చు, వృత్తి కోర్సుల విషయంలో సంబంధిత మండలి నిబంధనలు వర్తిస్తాయి. మద్రాసు ఐఐటీ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్సు డిగ్రీకి జేఈఈ ర్యాంకు అక్కరలేదు, నాలుగు వారాల పాఠాల తర్వాత అర్హత పరీక్ష నెగ్గితే చాలు. బరంపురంలోనో కొరాపుట్‌లోనో ఎమ్మెల్టీ చదువుతున్న అమ్మాయి సాయంత్రాలు ఆ పాఠాలు వినవచ్చు. పైథాన్, డేటాబేస్, గణాంకశాస్త్రం అక్కడ నేర్చుకుని, ఆసుపత్రుల మధ్య సమాచారం మారడానికి డిజిటల్ మిషన్ ఎంచుకున్న ఫైర్ ప్రమాణం, జబ్బుల పేర్లకు వాడే స్నోమెడ్ పదకోశం తెలుసుకుంటే, ఆమెకు కోడింగ్ కంపెనీ ఒక్కటే గమ్యం కాదు. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ తయారీ, బీమా క్లెయిముల పరిశీలన, వ్యాధి నిఘా విభాగాలు, మందుల పరీక్షల సమాచార నిర్వహణ అన్నీ ఆమెకు తెరిచి ఉంటాయి.

ఇక్కడి అసలు కొరత వేరే చోట ఉంది. బరంపురంలో 1996లో, గుణుపురంలో 1997లో ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు వచ్చాయి. కంప్యూటర్ నేర్పేవారికి ఈ ప్రాంతంలో లోటు లేదు. బరంపురం ఎంకేసీజీ వైద్య కళాశాల 1962 నాటిది, కొరాపుట్ ప్రభుత్వ వైద్య కళాశాల 2017లో వచ్చింది. ఈ రెండింటి మధ్య గడిచిన కాలం 55 ఏళ్లు. కొరత ఉన్నది ఆసుపత్రిలో నిలబడి నేర్చుకునే చోటుకే. పేద పిల్లల కోసం దూరవిద్యను తిరిగి తెరవాలని కోరుతున్న సంస్థలు అదే గొంతుతో ఈ రెండు బోధనాసుపత్రుల్లో ఆరోగ్య సమాచార నిర్వహణ సీట్లు, మల్కాన్‌గిరి, గజపతి పిల్లలకు ఉచిత హాస్టళ్లు, జిల్లా ఆసుపత్రుల్లో జీతంతో కూడిన ఇంటర్న్‌షిప్పులు అడిగితే, ల్యాబుల్లో పనిచేసేవారు కూడా వారి పక్కనే నిలబడతారు. ఇప్పటివరకు ఆ కోరిక వారి వినతిపత్రాల్లో నా కంటపడలేదు.