గాలిపటంతో కాదు, దారంతోనే పేచీ

ప్రియమైన పిల్లలకు,

చట్టం దృష్టిలో గాలిపటం కూడా విమానమే. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాను. మన దేశంలో 90 ఏళ్లు అమల్లో ఉన్న 1934 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ చట్టంలో ఏవేవి ఆ కోవలోకి వస్తాయో చెబుతూ బెలూన్లు, గ్లైడర్ల పక్కనే గాలిపటాలనూ చేర్చారు. బెలూన్ వదిలేసినదైనా సరే, తాడుతో కట్టేసినదైనా సరే.

ఒక కాగితం ముక్కకి ఇంత హడావుడి ఎందుకు అంటారా? పేచీ కాగితంతో కాదు, దారంతో. గాలిపటం రంగురంగులుగా ఉంటుంది కాబట్టి దూరం నుంచి ఎవరికైనా కనబడొచ్చు. దారం మాత్రం మన చేతిలోంచే బయల్దేరినా, కాస్త పైకి పోయేసరికి మనకే ఆనదు. ఇక పైలట్ సంగతి చెప్పేదేముంది! పెద్ద విమానం రన్‌వే మీదికి దిగేటప్పుడు కూడా సెకనుకు దాదాపు 70 మీటర్లు ముందుకు పోతుంది. దారం కనిపించి, అదేమిటో అర్థమై, తప్పించుకునేంత టైమ్ పైలట్‌కి ఉండదు. హెలికాప్టర్లయితే మామూలుగానే తక్కువ ఎత్తులో తిరుగుతుంటాయి.

తీగ ఎంత పని చేయగలదో యుద్ధాలు చేసేవాళ్లకి బాగా తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్లు లండన్ మీద పెద్ద పెద్ద బెలూన్లను ఉక్కు తీగలతో కట్టి నిలబెట్టారు. శత్రు విమానాలు కిందికి దిగి గురిచూసి బాంబులు వేయకుండా అడ్డమన్నమాట. వాటిలో తుపాకులేమీ లేవు. ఆ తీగే ఆయుధం. రెక్కకి తగిలిందంటే విమానం పని అయిపోయినట్లే.

ఈ సంగతి మనసులో పెట్టుకుంటే రూల్స్ బట్టీ పట్టక్కర్లేదు, వాటంతటవే అర్థమవుతాయి. బ్రిటన్‌లో అనుమతి లేకుండా గాలిపటం 60 మీటర్లు దాటకూడదు. పనిచేస్తున్న విమానాశ్రయం పరిధిలో అయితే 30 మీటర్లే. అమెరికాలో రెండుంపావు కిలోల కంటే బరువైన గాలిపటాలకూ, ఆరడుగుల కంటే వెడల్పైన కట్టుడు బెలూన్లకూ వేరే నిబంధనలున్నాయి. 500 అడుగులు మించకూడదు. మబ్బులకు కనీసం 500 అడుగుల కింద ఉండాలి. విమానాశ్రయం హద్దు నుంచి 5 మైళ్ల లోపల ఎగరేయకూడదు. 150 అడుగులు దాటించాలంటే కనీసం 24 గంటల ముందే, విమానాల రాకపోకలను నడిపించే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్‌కి కబురు పెట్టాలి. చేతిలో పట్టే చిన్న గాలిపటానికి ఈ లెక్కలు వర్తించవు గానీ, ఎవరికీ ప్రమాదం తేకూడదన్న షరతు మాత్రం దానికీ ఉంది.

5 మైళ్లంటే మరీ ఎక్కువ అనిపిస్తుందేమో. విమానం సాధారణంగా 3 డిగ్రీల వాలులో దిగుతుంది. ఆ లెక్కన రన్‌వేకి 3 కిలోమీటర్ల దూరంలో దాని ఎత్తు సుమారు 160 మీటర్లే. అక్కడ మీ దారం ఎంత ఎత్తులో ఉందో ఊహించుకోండి!

ఆ అమెరికా రూల్స్‌లోనే నాకు బాగా నచ్చినది ఇంకొకటి ఉంది. పెద్ద గాలిపటాన్నో, బెలూన్నో పగలు 150 అడుగులు దాటిస్తే, ఆ ఎత్తు నుంచి పైకి ప్రతి 50 అడుగులకీ మించకుండా తాడుకి రంగు పీలికలు కట్టాలి. అవి మైలు దూరం నుంచి కనబడాలి. రాత్రయితే దీపాలు పెట్టాలి. కనిపించని తాడుని కనబడేలా చేయడమే కదా!

బెలూన్‌కి ఇంకో బాధ్యత ఉంది. తాడు తెంచుకుంటే దానంతటదే గబగబా గాలి పోయే ఏర్పాటు ఉండాలి. అది పనిచేయకపోతే ఏమవుతుందో 2015 అక్టోబర్ 28న అమెరికాలో చూశారు. మేరీలాండ్‌లో సైన్యం కట్టి ఉంచిన 74 మీటర్ల రాడార్ బెలూన్ తెంచుకుపోయింది. రెండు కిలోమీటర్ల తీగను ఈడ్చుకుంటూ పక్కనున్న పెన్సిల్వేనియా దాకా వెళ్లింది. ఆ తీగ కరెంటు లైన్లకు తగిలి వేల ఇళ్లు చీకట్లో ఉండిపోయాయి. వెనకాల రెండు ఎఫ్-16 యుద్ధ విమానాల కాపలా! గాలి తీసేసే పరికరం దానికి ఉంది. తీరా విచారణ చేస్తే అందులో బ్యాటరీలు వేయలేదని తేలింది.

ఇక మీ సంగతి. ఎత్తు కొలవడం కష్టమని టెన్షన్ పడకండి. గాలిపటం దారం పొడవు కంటే పైకి పోలేదు కాబట్టి, 60 మీటర్లు దాటకూడదనుకుంటే 60 మీటర్ల దారమే చుట్టుకోండి. మేడ మీద నిలబడితే మాత్రం మేడ ఎత్తు కూడా కలుస్తుంది, అంత దారం తగ్గించుకోవాల్సిందే. విమానాశ్రయం చుట్టుపక్కల అక్కడి అధికారులు వద్దంటే మారు మాట లేదు, వేరే మైదానం చూసుకోండి.

లోహం కలిసిన దారం గానీ, తీగ గానీ వాడకండి. వాటిలోంచి కరెంటు పారుతుంది. తడిసిన మామూలు దారాన్నీ నమ్మలేం. గాలిపటం కరెంటు తీగకి చిక్కుకుంటే లాగొద్దు, కర్రతో పొడవొద్దు, అక్కడే వదిలేయండి. ఉరుము వినిపించగానే దించేయండి. బెలూన్‌లో నింపేది హీలియం అయితే ఫరవాలేదు, అది మండదు. హైడ్రోజన్ అయితే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది, దాని జోలికే పోవద్దు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా పెద్ద గాలిపటమో, బెలూనో ఒక్కోసారి తెగిపోతుంది. తిడతారని దాచకండి. ఎక్కడ తెగింది, ఎన్ని గంటలకు, ఎటువైపు పోతోంది, ఎంత తాడు వేలాడుతోంది అని వెంటనే పెద్దవాళ్లకు చెప్పండి. విమానాశ్రయం దగ్గరలో ఉంటే వాళ్లు అదే వివరం అక్కడికి ఫోన్ చేసి చెబుతారు. టవర్‌లో ఉన్నవాళ్లు పైలట్లను హెచ్చరించాలంటే ఆ నాలుగు సంగతులూ కావాలి.

ఇట్లు,
మీ తాతయ్య