కలివికోడి అడుగుజాడలు, తెలుగుగంగ కాలువ

కడప జిల్లాలో లంకమల కొండల కింద కలివి, రేగు, తుమ్మ పొదలు విడివిడిగా పెరిగిన చిట్టడవి ఉంది. ఆ పొదల మధ్య కొంత నేలను ఊడ్చి, రాళ్లూ ముళ్లూ ఏరివేసి, జల్లెడ పట్టిన మెత్తని మన్ను పలచగా పరిస్తే ఒక చిన్న పట్టీ తయారవుతుంది. సాయంత్రం దాన్ని చదును చేసి వెళ్లి, తెల్లవారి ఎండ ముదరకముందే వచ్చి చూస్తే, రాత్రి ఆ దారిన ఏయే జీవాలు నడిచాయో అంతా ఆ మన్ను మీద ఉంటుంది. కుందేలు గెంతిన గుర్తులు, కౌజుపిట్ట వేళ్లు, మేకల గిట్టలు, పాము పాకిన చార. ఎప్పుడో ఒకనాడు వీటి నడుమ మూడు వేళ్లు మాత్రమే ఉన్న చిన్న పాదముద్ర కనిపిస్తుంది. మూడూ ముందువైపే ఉంటాయి, వెనక వేలు ఉండదు. అది కలివికోడిది కావచ్చు. నేల మీద పరుగెత్తే మరికొన్ని పిట్టలకూ వెనక వేలు ఉండదు కనుక, దాటి వెళ్లిన జీవిని దానంతటదే ఫొటో తీసే కెమెరాను పట్టీ పక్కన పెట్టి, ఆ ముద్ర ఎవరిదో రూఢి చేసుకోవాలి.

2000 సంవత్సరం తర్వాతి కొద్ది ఏళ్లలో పక్షి పరిశోధకుడు పి. జెగనాథన్, ఆయన సహచరులు ఇక్కడ అనుసరించిన పద్ధతి ఇదే. నీటి ప్రాజెక్టు ఒక నేలజీవిని ఏం చేస్తుందో తేల్చడం ఎంత కష్టమో, ఆ పని ఎంత ముందుగా మొదలు కావాలో తెలుసుకోవడానికి తెలుగునాట దీన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు.

కలివికోడి తీతువును పోలిన పిట్ట. రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు, కంటి పైన వెడల్పాటి తెల్లని గీత, పొడవాటి కాళ్లు. పగలు పొదల నీడలో కదలకుండా ఉండి, చీకటి పడ్డాక చెదలనూ ఇతర పురుగులనూ ఏరుకు తింటుంది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అన్వేషణ ఫలించి, కడప జిల్లాలో అది మళ్లీ దొరికింది. దాన్ని పట్టి చూపించినవాడు ఆ చుట్టుపక్కల ఊరి వేటగాడే. శాస్త్రవేత్తలు పోయిందనుకున్న పిట్ట పేరు ఆ ప్రాంతపు ప్రజల నోట నలుగుతూనే ఉందన్న సంగతి ఇక్కడ మరువరానిది. రెండేళ్లకు, 1988లో, శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

అదే దశాబ్దంలో ఆ కొండల వైపు ఒక కాలువ కూడా బయలుదేరింది. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీటిని రాయలసీమ, నెల్లూరు పొలాలకూ, అక్కడి నుంచి మద్రాసు నగరానికీ అందించే తెలుగుగంగ ప్రాజెక్టుకు 1983లో శ్రీకారం చుట్టారు. మద్రాసుకు 15 టీఎంసీలు కేటాయించారు, 1996లో తొలిసారి నీరు అక్కడికి చేరింది. దారిలో లక్షల ఎకరాల ఆయకట్టు. కరువు తప్ప మరొకటి ఎరుగని పల్లెలకు ఆ నీరు ఎంత అవసరమో సీమలో ఎవరికీ వివరించనక్కరలేదు. ఆ కాలువ వద్దనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

అయితే కాలువ సరిగ్గా ఆ పిట్ట ఉన్న చోటికే ఎందుకు వచ్చింది? నీరు పల్లానికి పారుతుంది. ఎత్తిపోతలు లేకుండా వందల కిలోమీటర్లు పారించాలంటే, అతి కొద్ది వాలు మాత్రమే ఇస్తూ, నేల ఎత్తును అనుసరించి వంపులు తిప్పుకుంటూ కాలువను తీసుకుపోవాలి. అది ఎంత ఎత్తున సాగితే దాని కింద అంత ఎక్కువ ఆయకట్టు సాగవుతుంది. అందువల్ల కాలువ కొండ పాదాన్ని పట్టుకుని పోవడమే ఇంజనీరు దృష్టిలో సహజం. పైన నిటారు రాతి కొండ, కింద దుక్కి దున్నిన చేలు, ఆ రెంటి మధ్య సన్నని అంచుగా మిగిలిన చిట్టడవి. పక్షికి కావలసిందీ, కాలువకు అనువైనదీ ఆ అంచే. ఇది ఎవరి దుర్బుద్ధీ కాదు, భూమి వాలు చేసిన పని. కాబట్టే దీన్ని ముందుగా ఊహించడం సాధ్యమని నా అభిప్రాయం. కొండల వెంట కాలువ తవ్వే ఏ చోటైనా ఇదే చిక్కు ఎదురవుతుంది.

2005 అక్టోబరులో యంత్రాలు కలివికోడి ఉన్న పొదల్లోకే వచ్చి కాలువ తవ్వడం మొదలుపెట్టాయి. అక్కడ పరిశోధనలో ఉన్నవారు దాన్ని గమనించి వెంటనే నివేదిక రాశారు, పని ఆగింది, తరువాత కాలువ మార్గం మార్చారు. పక్షి ఆవాసం కోసం ప్రభుత్వం దాదాపు 3,000 ఎకరాలు సేకరించింది. ఇదంతా సాధ్యం కావడానికి కారణం, ఆ పక్షి ఎక్కడెక్కడ తిరుగుతున్నదో చెప్పే లెక్కలు అప్పటికే చేతిలో ఉండటం. యంత్రాలు వచ్చాక మన్ను పట్టీలు పరచడం మొదలుపెట్టి ఉంటే, ఫలానా చోట పక్షి ఉండేదని రుజువు చేసే దారి ఉండేది కాదు.

సాధారణంగా ప్రాజెక్టు ప్రభావ నివేదికల్లో కొద్ది రోజుల సర్వే జరిపి, ‘ఈ జాతి కనిపించలేదు’ అని రాస్తారు. ఆ వాక్యానికి ఎంత విలువ ఉందో చిన్న లెక్క వేసి చూద్దాం. ఒక చోట పక్షి నిజంగానే ఉందనుకుందాం. అది ఏ రాత్రయినా మన పట్టీ మీద అడుగు పెట్టే అవకాశం పదింట ఒకటి అనుకుందాం. పది రాత్రులు చూసినా అది మనకు అందకుండా పోయే అవకాశం దాదాపు 35 శాతం. ముప్పై రాత్రులు చూస్తేనే అది 4 శాతానికి తగ్గుతుంది. అంటే పది రోజుల సర్వేలో కనిపించలేదు కాబట్టి లేదని తీర్మానిస్తే, అలాంటి ప్రతి మూడు చోట్లలో ఒకచోట పక్షి ఉండగానే లేదని రాసినట్టు. ఎన్ని రాత్రులు, ఎన్ని పట్టీలు, ఒక్కో రాత్రి కనిపించే అవకాశం ఎంత అన్నవి చెప్పని నివేదికను నమ్మడానికి వీల్లేదు.

పక్షి ఇంత అరుదైనప్పుడు దాని సంఖ్య పెరిగిందో తగ్గిందో నేరుగా కొలవడం కుదరదు. అందుకని దాని ఇంటిని కొలవాలి. పాదముద్రలు పడిన పట్టీల చుట్టూ పొదలను లెక్కించగా, హెక్టారుకు రెండు మీటర్లను మించిన పెద్ద పొదలు 300 నుంచి 700 వరకూ ఉండి, చిన్న పొదలు 1,000 లోపు ఉన్న చోట్ల కలివికోడి ఉండే అవకాశం ఎక్కువని తేలింది. మరీ బోడి నేల పనికిరాదు, మరీ గుబురు అడవీ పనికిరాదు. ఈ కొలత చేతిలో ఉంటే ఉపగ్రహ చిత్రాలలో అటువంటి నేల ఎంత ఉందో, ఏటేటా ఎంత తగ్గుతున్నదో చూడవచ్చు. అలా చూసినప్పుడు 1991, 2000 సంవత్సరాల మధ్య ఈ ప్రాంతంలో చిట్టడవి 11 నుంచి 15 శాతం తగ్గినట్టు, అందులో ఎక్కువ భాగం సాగులోకి పోయినట్టు కనిపించింది.

కాలువ ప్రభావాన్ని గట్టు వరకే లెక్కగడితే సరిపోదని దీనివల్ల అర్థమవుతుంది. కాలువ తవ్విన మేర పోయే నేల తక్కువే. తవ్వి పోసిన మట్టి కుప్పలు, యంత్రాల కోసం వేసిన బాటలు కలిపినా అది పెద్దది కాదు. అసలు మార్పు నీరు వచ్చిన తర్వాత కింది వైపు వస్తుంది. నిన్నటిదాకా మేకలు మేసిన బీడుకు ధర పలుకుతుంది, పొదలు కొట్టి చదును చేస్తారు, నిమ్మతోటో వరిమడో వస్తుంది. మేతభూమి తగ్గిన కొద్దీ ఊరి మందలన్నీ మిగిలిన చిట్టడవి మీదే పడతాయి. పైవైపు వంకల నీటికి గట్టు అడ్డమై, ఒకచోట నిలిచి మరొకచోట ఎండి, పొదల తీరు మారుతుంది. ఇందులో ఏ ఒక్కటీ కాలువ నమూనా పటంలో ఉండదు.

ఇక ఆవాస పునరుద్ధరణ సంగతి. మన దగ్గర ఆ మాట వినగానే మొక్కలు నాటడం గుర్తుకొస్తుంది. కలివికోడికి పొదల మధ్య ఖాళీ నేల కావాలి. ఆ ఖాళీలను పాడుపడిన అడవిగా భావించి గుంటలు తవ్వి మొక్కలు నాటితే, మంచి చేస్తున్నామన్న నమ్మకంతోనే దాన్ని వెళ్లగొట్టినట్టవుతుంది. మేతనూ కట్టెల సేకరణనూ పూర్తిగా నిషేధించినా చిక్కే, చిన్న పొదలు ముసిరి నేల మూసుకుపోతుంది. ఎంత మేత సరిపోతుందో ప్రయోగం చేసి చూడవలసిందే తప్ప, గదిలో కూర్చుని నిర్ణయించేది కాదు.

నంద్యాల జిల్లా రోళ్లపాడులో ఈ పాఠం ఇంకో విధంగా అందింది. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ 614 హెక్టార్ల గడ్డిభూమిని అభయారణ్యం చేశారు. రక్షణ దొరికాక కృష్ణజింకలు బాగా పెరిగి, చుట్టుపక్కల చేల మీద పడ్డాయి, రైతులకు అభయారణ్యమంటేనే విసుగు పుట్టింది. మరోవైపు సాగునీరు వచ్చి చుట్టూ ఉన్న మెట్టపైర్లు మారిపోయాయి. బట్టమేక కంచె లోపలే బతికే పక్షి కాదు. కొర్ర, జొన్న చేలూ బీళ్లూ కూడా దాని ఇల్లే. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఇన్ని మార్పులను తట్టుకోలేదు. ఒకప్పుడు దానికి పేరుపొందిన రోళ్లపాడులో ఇప్పుడు కృష్ణజింకలే మిగిలాయి.

జంతువుల కోసమే ఏర్పరచిన నీటి వసతి కూడా ఇలా ఎదురు తిరగవచ్చు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కు ఉత్తర భాగంలో బోర్లు వేసి నీటికుంటలు కట్టారు. నీరు దొరకగానే జీబ్రాలు, విల్డెబీస్ట్‌లు గుంపులుగా చేరాయి, వాటి వెంట సింహాలు వచ్చాయి. పొడవాటి గడ్డిలో పలచగా బతికే రోన్ అనే అరుదైన జింకజాతి మేతనూ, ఆ తర్వాత పిల్లలనూ పోగొట్టుకుంది. 1986లో సుమారు 450గా ఉన్న వాటి సంఖ్య 1993 నాటికి 45కు పడిపోయింది. తరువాత వాటి ప్రాంతంలో కొన్ని కుంటలను మూసివేయవలసి వచ్చింది. మన నల్లమలలో వేసవిలో అటవీ సిబ్బంది నింపే సాసర్ పిట్లు అనే నీటి తొట్లు చిన్నవి, వాలు అంచులతో కట్టినవి, మూషిక జింక వంటి బుల్లి ప్రాణి కూడా జారిపడకుండా తాగి ఎక్కి రాగలదు. వాటి అవసరాన్ని నేను తక్కువ చేయను. ఎన్ని జంతువులు వచ్చి తాగాయన్న కెమెరా లెక్క ఒక్కటే వాటి ఫలితం కాదని మాత్రం అంటాను. చుట్టూ అర కిలోమీటరు మేర గడ్డి ఏమైందో, నీటికి దగ్గరకు రాని జాతులు ఏమయ్యాయో కూడా చూడాలి.

కలివికోడి, కాలువ మార్గం మారిన తర్వాత, ఏళ్ల తరబడి నిర్ధారణగా ఎవరికీ కనిపించకుండా పోయింది. అయినా వెతకడం ఆపకూడదు, సేకరించిన భూమిని కొలవకుండా వదలకూడదు. కాలువకు ఎగువన ఒక వరుస, దిగువన ఒక వరుస, కాలువ ప్రభావం చేరనంత దూరంలో అదే రకం చిట్టడవిలో మూడో వరుస పట్టీలు వేయాలి. ఆ మూడో వరుస లేకపోతే వచ్చిన మార్పు కాలువ వల్ల వచ్చిందో, ఆ ఏటి కరువు వల్ల వచ్చిందో తేలదు. పట్టీల దగ్గర ఏటా ఒకే నెలలో, ఒకే పద్ధతిలో పెద్ద పొదలనూ చిన్న పొదలనూ లెక్కించాలి. ఈ పిట్ట పొద్దుగూకిన తర్వాత, బాగా చీకటి పడే వేళ కొద్ది నిమిషాలు మాత్రమే కూస్తుంది. ఆ కూతను 2000 తర్వాతే తొలిసారి రికార్డు చేయగలిగారు. చెట్టుకు కట్టిన చిన్న రికార్డరు ఆ కొద్ది నిమిషాలను రోజూ, నెలల తరబడి, మనిషి అలికిడి లేకుండా వింటుంది. వచ్చిన ఫలితాలను లంకమల చుట్టుపక్కల పంచాయతీలలో తెలుగులో చదివి వినిపించాలి. 1986లో పిట్టను పట్టి చూపించింది ఆ ఊళ్ల మనిషే, రేపు మళ్లీ ముందుగా వినబోయేదీ బహుశా వారే.