పంట అప్పు ఇస్తే దిగుబడి పెరుగుతుందా? అపోహలు - వాస్తవాలు

నేను పంట రుణాల పనిలో ఉన్నాను. ఊళ్లలో రైతుల నోట, టీవీ చర్చల్లో, ఒక్కోసారి మా తోటి ఉద్యోగుల నోట కూడా కొన్ని మాటలు పదేపదే వింటుంటాను. వాటిలో పంటకే చేటు చేసేవి ఉన్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: మన రైతుకు అప్పు పుట్టకపోవడం వల్లే దిగుబడి రావడం లేదు.

వాస్తవం: అప్పు పుడుతూనే ఉంది. 2018-19 పరిస్థితిపై జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు, తెలంగాణలో 92 కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 50. ఆంధ్రాలో ఒక్కో కుటుంబం నెత్తిన సగటున 2.45 లక్షల రూపాయలు. కాబట్టి ఆ అప్పు ఎవరి దగ్గర, ఏ నెలలో, ఏ షరతు మీద పుట్టిందో చూడాలి. వరి పిలక దశలో యూరియా పడాలి. ఆ అదును దాటిపోయాక ఖాతాలో డబ్బు పడితే అది చేనికి పోదు, పాత బాకీకి పోతుంది. లెక్కల్లో మాత్రం పంట రుణం ఇచ్చినట్టే ఉంటుంది.

అపోహ: పురుగుమందుల షాపులో అరువుకు వడ్డీ ఒక్కటే భారం.

వాస్తవం: వడ్డీ ఎలాగూ భారమే. నూటికి రెండు రూపాయల లెక్కన లక్షకు పది నెలలకు 20 వేలు. అంతకంటే పెద్ద నష్టం, ఏ మందు కొట్టాలో తేల్చే హక్కు రైతు చేతిలోంచి జారిపోవడం. మిర్చి చేలో 2021లో నల్ల తామరపురుగు పడ్డప్పుడు దీన్ని దగ్గరగా చూశాను. శాస్త్రవేత్తలు నీలిరంగు జిగురు అట్టలు పెట్టమని, వేపనూనె కొట్టమని, కనిపించిన మందల్లా కలిపి కొట్టొద్దని చెబుతున్నారు. షాపులో ఖాతా ఉన్న రైతు మాత్రం కౌంటర్ మీద పెట్టిన మూడు నాలుగు డబ్బాలు మారు మాట్లాడకుండా తెచ్చుకున్నాడు. "వద్దంటే రేపు డీఏపీ ఎరువు ఎవరిస్తారండీ?" అని ఒకాయన నన్నే అడిగాడు. ఆయన ప్రశ్నలో న్యాయం ఉంది. మందు మీద మందు కొడితే మిత్రపురుగులు పోతాయి, ఖర్చు పెరుగుతుంది, పురుగు మాత్రం తగ్గదు. చివరికి కాయ కూడా అప్పిచ్చినవాళ్లు చెప్పిన కొట్టుకే తోలాలి. అరువు ధరకీ రొక్కం ధరకీ ఉండే తేడా బిల్లులో ఎక్కడా కనిపించదు.

అపోహ: భూమి పట్టా పాసుపుస్తకం ఉన్నవాళ్లకు రుణమిస్తే సాగుకు ఇచ్చినట్టే.

వాస్తవం: నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. గోదావరి, కృష్ణా డెల్టాల్లో చాలా చేలల్లో కాడి పట్టేది ఒకరైతే, పాసుపుస్తకం ఉండేది ఇంకొకరి దగ్గర. భూయజమాని పట్నంలో ఉండి ఆ భూమి మీద పంట రుణం తీసుకుంటే, అదే సర్వే నంబరు మీద కౌలుదారుకు మళ్లీ ఇవ్వడానికి బ్యాంకు ఒప్పుకోదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం 11 నెలల సాగు హక్కు పత్రం తెచ్చింది. ఆ పత్రానికి యజమాని సంతకం కావాలి. భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. నిజానికి ఆ పత్రం పంట మీదే తప్ప భూమి మీద ఏ హక్కూ ఇవ్వదు. ఈ సంగతి సంతకం పెట్టాల్సిన యజమానికి ఊళ్లో పెద్దలు నచ్చజెప్పాలి. సంతకం దొరకనివాళ్లు నలుగురు కలిసి ఉమ్మడి బాధ్యతా సంఘంగా ఏర్పడి రుణం అడగొచ్చు. ఒకరికొకరు పూచీ.

అపోహ: పంట రుణానికి వడ్డీ నాలుగు శాతమే.

వాస్తవం: 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం. గడువులోగా కడితేనే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది, అప్పుడే 4 శాతం. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది. 2 లక్షల వరకు తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఇది 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, అంతకుముందు 1.6 లక్షలే.

అపోహ: పాత పంట రుణాన్ని రెన్యువల్ చేయిస్తే కొత్త పెట్టుబడి వచ్చినట్టే.

వాస్తవం: రెండు రోజులకు చేబదులు తెచ్చి బ్యాంకులో కట్టి, మళ్లీ తీసి ఆ చేబదులు తీర్చేస్తే విత్తనానికి మిగిలేదేమీ ఉండదు, పైగా ఆ రెండు రోజుల వడ్డీ దండగ. జిల్లా సాంకేతిక కమిటీ పంటవారీగా ఎకరాకు రుణ పరిమితి నిర్ణయిస్తుంది. మీ పంటకు ఎంతో అడిగి తెలుసుకోండి. నిరుడు వరి వేసి ఈసారి మిర్చి వేస్తుంటే పరిమితి మారుతుంది. అడగకపోతే పాత అంకే తిరగరాస్తారు.

అపోహ: బీమా ప్రీమియం దండగ, ఆ డబ్బు ఎరువుకు పెడితే మేలు.

వాస్తవం: ఉత్తర ఘనాలో పరిశోధకులు కొందరు రైతులకు నగదు, కొందరికి వాన లోటును బట్టి చెల్లించే బీమా, కొందరికి రెండూ ఇచ్చి చూశారు. సాగు పెట్టుబడి పెంచడంలో నగదు కంటే బీమా ప్రభావమే ఎక్కువగా కనిపించింది. వాన తప్పినా కుటుంబం వీధిన పడదన్న ధీమా ఉంటేనే రైతు మంచి విత్తనం మీద డబ్బు పెడతాడు. మన దగ్గర చెల్లింపులు ఆలస్యమవుతున్నాయన్న కోపం న్యాయమైనదే. దానికి చెల్లింపుల కోసం నిలదీయాలి గానీ బీమా మానేయకూడదు. కేంద్రం పంటల బీమా పథకమైన ఫసల్ బీమా 2020 ఖరీఫ్ నుంచి రుణం తీసుకున్నవాళ్లకు కూడా ఐచ్ఛికమైంది. అది అమల్లో ఉన్నచోట ప్రీమియంలో రైతు వాటా, బీమా చేసిన మొత్తం మీద ఖరీఫ్ ఆహార పంటలకు 2 శాతం, రబీకి 1.5, వాణిజ్య పంటలకు 5 శాతం మించదు.

అపోహ: కోత అయిపోయాక అప్పుతో పని లేదు.

వాస్తవం: బాకీల ఒత్తిడితో కళ్లంలోనే అమ్ముకోవడం వల్ల చేతికొచ్చిన దిగుబడి ఆదాయంగా మారదు. కెన్యాలో మొక్కజొన్న రైతులకు కోత సమయంలో చిన్న రుణాలిచ్చినప్పుడు వాళ్లు గింజలు నిల్వ చేసుకుని, ధర పెరిగాక అమ్ముకోగలిగారు. మన దగ్గర కూడా గుర్తింపు పొందిన గిడ్డంగిలో సరుకు పెట్టి, ఆ రసీదు మీద రుణం తీసుకోవచ్చు. కిసాన్ క్రెడిట్ కార్డున్న చిన్న, సన్నకారు రైతులకు కోత తర్వాత ఆరు నెలల వరకు పంట రుణం వడ్డీ రేటే వర్తిస్తుంది. సరుకు దించేముందే ఆ గిడ్డంగికి డబ్ల్యుడీఆర్‌ఏ (గిడ్డంగులను నియంత్రించే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అది లేని గోదాము రసీదుకు ఈ వడ్డీ రాయితీ రాదు.