జిరాక్స్ తీర్పు ఇచ్చిన వీలు, అనూ ఫాంటు తెచ్చిన చిక్కు

కాలేజీల్లో కులవివక్షను అడ్డుకోవడానికి యూజీసీ 2026 జనవరిలో నోటిఫై చేసిన సమానత్వ నిబంధనలను సుప్రీంకోర్టు ఆ నెలాఖరుకే నిలిపేసింది. 2012 నాటివే మళ్లీ దిక్కయ్యాయి. కర్నూలు, అనంతపురం, కడప స్టాఫ్ రూముల్లో ఇప్పుడు వాదనంతా ఆ నిబంధనల కింద వేసే కమిటీల మీదే. వివక్ష గురించి తరగతిలో ఏం చెప్పాలి, ఒక కాలేజీలో తయారైన పాఠం పక్క కాలేజీకి ఎలా చేరాలి అన్న ప్రశ్న వెనక్కి పోయింది. రోహిత్ వేముల నుంచి ఇప్పటిదాకా నడిచింది తెలిసిందే.

పాఠాలు పంచుకోవడంలో మలుపు మాత్రం 2016 సెప్టెంబరు 16. ఢిల్లీ యూనివర్సిటీలోని జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు, తమ పుస్తకాల భాగాలను నకలు తీసి కట్టలుగా అమ్ముతోందని 2012లో వేసిన దావాను ఆ రోజు ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(ఐ) కింద, బోధనలో భాగంగా తీసే నకలు ఉల్లంఘన కాదంది. డిసెంబరులో డివిజన్ బెంచి కేసును విచారణకు తిప్పి పంపినా ఆ సూత్రం నిలిచింది. అమ్మకాలు పడిపోతాయన్న ప్రచురణకర్తలే 2017 మార్చిలో దావా వెనక్కి తీసుకున్నారు. అయితే ఈ వెసులుబాటు బోధన వరకే. అదే కట్టను నెట్‌లో అందరికీ పెడతామంటే ఈ తీర్పు అడ్డుపడి కాపాడదు.

2017 జనవరి 1న ఇంకో తలుపు తెరుచుకుంది. అంబేద్కర్ బతికుండగా అచ్చయిన రచనలకు, మరణం తర్వాతి 60 ఏళ్ల గడువు ముగిసింది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. తెలుగు అనువాదం హక్కు విడిగా అనువాదకుడిది, దానికి వేరే 60 ఏళ్లు. జాషువా పోయింది 1971లో గనుక ‘గబ్బిలం’ కోసం 2032 జనవరి దాకా ఆగాలి. వేమనకు ఆ పేచీ లేదు, బ్రౌన్ 1829లో అచ్చేసిన పద్యాలకూ లేదు. నిన్నమొన్నటి తాత్పర్యం స్కాన్ చేస్తే మాత్రం ఉంది.

హక్కులు తేలినా అక్షరాలు మొరాయిస్తాయి. డీటీపీ సెంటర్లో అనూ అనే తెలుగు ఫాంటులో కొట్టించిన నోట్సు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పిచ్చి గుర్తులై తెరుచుకుంటుంది. పీడీఎఫ్ కంటికి బాగానే ఉంటుంది గానీ అందులో ‘అంటరానితనం’ అని వెతికితే ఏమీ దొరకదు. చూపులేని విద్యార్థి స్క్రీన్ రీడర్‌కూ అది అర్థం కాదు. కన్వర్టర్‌తో, అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాక ఒత్తులు, పొల్లులు వరుసవరుసా సరిచూడాలి. పీడీఎఫ్‌తో పాటు వర్డ్ ఫైలూ పెట్టాలి, లేకుంటే అవతలి మాస్టారు ఒక్క ప్రశ్న కూడా మార్చుకోలేరు.

జాతివివక్ష మీద ఇంగ్లీషులో ఉచితంగా దొరికే పాఠాలను తెచ్చుకునేవాళ్లు ముందు దాని క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో, అంటే వాడుకకు రచయిత ముందే ఇచ్చే అనుమతిలో, ‘ఎన్‌డీ’ (మార్చి పంచకూడదు) అన్న షరతు ఉందేమో చూడాలి. ఉంటే అనువదించి పంచకూడదు, అమెరికాలోని అలబామాలో నల్లవారిని బస్సులో వెనక కూర్చోబెట్టిన ఉదాహరణ పక్కన మన హోటళ్ల రెండు గ్లాసుల పద్ధతి చేర్చి పంచనూ కూడదు. ‘బై-ఎస్ఏ’ (రచయిత పేరు చెప్పి, మార్చినదాన్నీ అదే లైసెన్సుతో పంచాలి) పాఠాన్ని ‘బై-ఎన్‌సీ-ఎస్ఏ’ (పై షరతులకు తోడు, వ్యాపారానికి వాడకూడదు) పాఠంతో కలిపి కొత్త పాఠం అల్లడమూ కుదరదు.

సొంతంగా రాసుకున్నవాళ్లకు కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ఉంది. వేరే ఒప్పందం లేకపోతే ఉద్యోగంలో భాగంగా రాసినదానికి యజమానే తొలి హక్కుదారు. తరగతి నోట్సు ఆ లెక్కలోకి వస్తుందా అన్న తగువు రాకముందే, అప్‌లోడ్‌కు ముందు ప్రిన్సిపాల్ దగ్గర రాతపూర్వకంగా ఒక్క వాక్యం తీసుకుంటే సరి.