మందుకంటే ముందు వచ్చిన మనుషులు: ఆఫ్రికా ఎయిడ్స్ సేవలో సామాన్య విశ్వాసులు

2025 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు విదేశీ సాయాన్ని తొంభై రోజులు నిలిపేస్తూ సంతకం చేశారు. నాలుగు రోజుల్లోనే పనులు ఆపమన్న ఆదేశాలు వెళ్లాయి. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ రోగులకు మందులిచ్చే క్లినిక్‌లు కొన్ని మూతపడ్డాయి. ప్రాణాధార మందులకు ఆ తర్వాత మినహాయింపు ఇచ్చినా, ఇంటింటికీ తిరిగి రోగుల్ని కనిపెట్టుకునే కార్యకర్తల్లో చాలామందికి జీతం తిరిగి రాలేదు. జూలై 1 నాటికి అమెరికా విదేశీ సాయాన్ని పంచే యూఎస్‌ఎయిడ్ సంస్థే ముగిసిపోయింది. ఈ కోతల గురించి మాట్లాడేటప్పుడు కొందరు తేలిగ్గా అనేస్తున్న మాట ఒకటుంది: చర్చిలున్నాయిగా, అవే చూసుకుంటాయి. ఈ మాట వెనక నలభై ఏళ్ల చరిత్ర ఉంది. అది తెలిసినవాళ్లెవరూ ఇంత తేలిగ్గా ఆ మాట అనలేరు.

1980ల మొదట్లో ఉగాండాలోని రాకాయ్ జిల్లాలో, విక్టోరియా సరస్సు ఒడ్డునున్న జాలరి పల్లెల్లో మనుషులు చిక్కి శల్యమై చనిపోతుంటే, ఆ జబ్బును జనం ‘స్లిమ్’ అన్నారు. కొద్ది ఏళ్లలోనే చుట్టుపక్కల దేశాల్లోనూ ఆస్పత్రి మంచాలు అలాంటి రోగులతో నిండిపోయాయి. జాంబియా దక్షిణ ప్రాంతంలోని చికంకాటాలో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ నడిపే మిషన్ ఆస్పత్రి ఉంది. బాపట్ల, నిడుబ్రోలు వైపు వాళ్లకు ఆ సంస్థ పేరు కొత్త కాదు. అక్కడి వైద్యులకు రెండు సంగతులు అర్థమయ్యాయి: ఇంతమందిని నెలల తరబడి వార్డులో ఉంచుకునే శక్తి ఆస్పత్రికి లేదు, రోగులు కోరుకుంటున్నది కూడా సొంత ఇంట్లో, తమవాళ్ల మధ్య ఉండటమే. 1987లో ఆస్పత్రి బృందమే ఊళ్లకు బయల్దేరింది. అదే ఏడాది ఉగాండాలో మసాకా దగ్గరి కిటోవు ఆస్పత్రి, కంపాలాలోని న్సాంబ్యా ఆస్పత్రి ఇదే దారి పట్టాయి. ఆ రెండూ కథోలిక మఠకన్యల కష్టంతో నడిచినవి.

చికంకాటా బృందం రోగిని చూసి వచ్చేయకుండా ఊరి పెద్దల్ని కూర్చోబెట్టి మాట్లాడింది. భర్త పోయిన స్త్రీని అతని బంధువుల్లో ఒకడు కూడి ‘శుద్ధి’ చేసే ఆచారం అక్కడి తోంగా ప్రజల్లో ఉండేది. జబ్బు ఎలా అంటుకుంటుందో తెలిశాక, దాని బదులు మరో క్రతువు చాలని ఊరి పెద్దలే తీర్మానించుకున్నారు. బయటివాళ్లు తిట్టి మాన్పించాలని చూస్తే అది జరిగేది కాదని నా నమ్మకం.

అయితే నెలకోసారి జీపులో వచ్చే నర్సుతో పని జరగదు. రోజూ చూసే మనిషి కావాలి. 1991లో జాంబియా రాగి గనుల ప్రాంతంలో ఎన్డోలా కథోలిక మేత్రాసనం (బిషప్ కింది చర్చి పరిపాలనా ప్రాంతం) మొదలుపెట్టిన ఇంటి సేవలో ఆ మనిషి పొరుగింటావిడే. అక్కడ కాంపౌండ్లు అని పిలిచే పేదల బస్తీల్లో, స్థానిక చర్చిల్లోని చిన్న ప్రార్థనా గుంపుల నుంచి వందల మంది ముందుకొచ్చారు. ఎక్కువ మంది ఆడవాళ్లు. ఇంట్లో తిండికి వెతుక్కునేవాళ్లూ, భర్తను అదే జబ్బుకు పోగొట్టుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఎందుకు వచ్చారంటే, రోగిని చూడవచ్చినవాడు నన్నే చూడవచ్చాడని క్రీస్తు చెప్పిన మత్తయి సువార్త 25వ అధ్యాయం వాళ్లకు కంఠతా వచ్చు. పిలుపు అంటే వాళ్లకు అంతే, పక్కవీధిలో తలుపు తట్టడం.

ఆ తలుపు వెనక పని ఎలా ఉండేదో చెప్పాలి. చాప మీద లేవలేని మనిషి. నీళ్లు కాచి ఒళ్లు తుడవాలి, వీపు పుండ్లు పడకుండా పక్కకు తిప్పాలి, విరేచనాలతో తడిసిన గుడ్డలు ఉతకాలి. చేతి తొడుగులు అయిపోతే ప్లాస్టిక్ సంచులే చేతులకు కట్టుకోవాలి. నోటిపూతకు ఊదారంగు మందు రాసి, మొక్కజొన్న జావ చెంచాతో పట్టాలి. క్షయ ఉంటే మాత్ర మింగేదాకా పక్కనే కూర్చోవాలి. తర్వాత తలుపు మూసి, ప్రార్థన చేసి, ఇంకో ఇంటికి. మనిషి పోయాక పిల్లలు మిగులుతారు. జింబాబ్వేలోని ముతారేలో ఎయిడ్స్ సేవకు పుట్టిన ‘ఫ్యాక్ట్’ అనే సంస్థ, 1993 నుంచి చర్చి సంఘాల్లోని స్త్రీలనే కూడగట్టి అనాథల ఇళ్లకు పంపింది. పిల్లల్ని ఆశ్రమాలకు తరలించకుండా అవ్వ దగ్గరో అక్క దగ్గరో ఉంచి, బడి ఫీజు, విత్తనాలు, దుప్పటి అందించడం వాళ్ల పద్ధతి.

చర్చిల వల్ల జరిగిన హానీ చెప్పకపోతే ఈ కథ అబద్ధమవుతుంది. ఎయిడ్స్ పాపానికి జీతమని పీఠం మీంచి బోధించినవాళ్లు తక్కువేం కాదు. ఆ బోధ విన్న రోగి జబ్బు దాచుకున్నాడు, దాచుకుని ఇంకొకరికి అంటించాడు. కండోముల మీద వాదాలూ విలువైన ఏళ్లు తినేశాయి. ఆ మౌనాన్ని లోపలి నుంచి బద్దలు కొట్టినవాడు ఉగాండా ఆంగ్లికన్ గురువు గిడియన్ బ్యాముగిషా. 1991లో భార్య చనిపోయాక పరీక్ష చేయించుకుని, తనకూ హెచ్‌ఐవీ ఉందని 1992లో బహిరంగంగా చెప్పారు. ఆఫ్రికాలో అలా చెప్పిన తొలి మతగురువు ఆయనే. 2003లో హెచ్‌ఐవీతో జీవిస్తున్న మతగురువులందరికీ ఒక వేదిక ఏర్పడటంలో ముందు నిలిచారు.

ఇన్నేళ్లూ ఆ ఆడవాళ్ల చేతిలో అసలు మందు లేదు. 1996లో వచ్చిన మూడు మందుల చికిత్సకు ఏడాదికి పది వేల డాలర్ల పైనే అయ్యేది. ముంబైకి చెందిన సిప్లా 2001 ఫిబ్రవరిలో 350 డాలర్లకే ఇస్తామనడంతో లెక్క తలకిందులైంది. తర్వాత హైదరాబాద్‌లోని అరబిందో, హెటిరో, మ్యాట్రిక్స్ కూడా ఆఫ్రికాకు ఈ మందులు పంపాయి. మన ఊరి ఫ్యాక్టరీల్లో తయారైన మాత్రలు ఆ బస్తీల్లో ప్రాణాలు నిలిపాయన్నది తెలుగువాళ్లుగా మనకు తెలిసి ఉండాల్సిన విషయం. 2003 జనవరిలో అమెరికా ప్రకటించిన పెప్‌ఫార్ అనే ఎయిడ్స్ సాయ పథకం ఐదేళ్లకు 1,500 కోట్ల డాలర్లు తెచ్చింది. 2004 ప్రాంతంలో ప్రపంచమంతటా ఏటా 20 లక్షలు దాటిన ఎయిడ్స్ మరణాలు 2023కి సుమారు 6 లక్షల 30 వేలకు దిగాయి.

డబ్బూ మందూ వచ్చేసరికి వాటిని ఇంటిదాకా చేర్చే మనుషులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. ఏ ఇంట్లో ఎవరున్నారో వాళ్లకు తెలుసు. క్షయ మాత్ర దగ్గర నేర్చుకున్న ఓపికే హెచ్‌ఐవీ మాత్ర దగ్గరా పనికొచ్చింది. జాంబియాలో చర్చి ఆస్పత్రులన్నిటినీ కలిపే సంఘం 1970 నుంచి ఉంది. ఎయిడ్స్, క్షయ, మలేరియాల మీద పోరుకు ఏర్పడిన అంతర్జాతీయ నిధి గ్లోబల్ ఫండ్ డబ్బు ఆ సంఘం ద్వారానూ పల్లెలకు చేరింది.

చర్చిలు చూసుకుంటాయనేవాళ్లు మరిచేది ఇదే. 1990లలో చర్చిలు చూసుకున్నాయి నిజమే, కానీ అప్పుడు చూసుకోవడమంటే కడ ఊపిరి దాకా తోడుండటం. మందు వచ్చాకే అదే స్త్రీ అదే తలుపు తట్టి, బతికి పనికి వెళ్తున్న మనిషిని పలకరించగలిగింది. ఆమె విశ్వాసం అప్పుడూ ఇప్పుడూ ఒకటే, మారింది ఆమె చేతిలోని మాత్ర. పైగా ఆమె పేదరాలు. సైకిలో, పిండి బస్తానో ఇచ్చి ఏళ్ల తరబడి ఉచితంగా పని చేయించుకున్నది చాలదన్నట్టు, ఇప్పుడు ప్రభుత్వాలు వదిలేసిన బరువు కూడా ఆమె నెత్తిన పెడితే అది అన్యాయం.

2025 మేలో అమెరికా మరో ప్రకటన చేసింది. దానంగా ఇచ్చిన మందులు దొంగతనంగా ప్రైవేటు దుకాణాలకు చేరుతున్నాయంటూ, జాంబియాకు మందుల కోసం ఇచ్చే సాయంలో ఏటా 5 కోట్ల డాలర్లు తగ్గిస్తామంది. దొంగల్ని పట్టుకోవాల్సిందే, కాదనం. కానీ ఆ 5 కోట్ల డాలర్ల మందుల లోటును జాంబియా బడ్జెట్టో, మరో దాతో పూడ్చాలి. ఆదివారం కానుకలతో అది పూడేది కాదు.